గడప కింద ఆరు పసుపు కేబుళ్లు

కేబుల్ గది దినచర్య పుస్తకం. ఊరు ఎర్రలంక, కుజగ్రహం. రాస్తున్నది విభావరి, వయసు పదిహేడు, మేస్త్రి గారి దగ్గర పని నేర్చుకుంటున్న అమ్మాయి.

1వ రోజు

ధూళి తుఫాను మొదలై నేటికి నలభై ఆరు రోజులు. బయట చెయ్యి చాపే వీలు లేదు గానీ, చాపితే ఆ చెయ్యి మనకే కనపడదు. మా స్తంభం మీది లేజరుకీ, ఇరవై రెండు కిలోమీటర్ల అవతల పెద్దగుమ్మటం స్తంభం మీది లేజరుకీ మధ్య రోజూ పాఠాలు మోసే వెలుగు ఆ ఎర్రధూళిలో ఎక్కడో ఆగిపోయింది. బడిలో మేం ఆరుగురం. అందరికన్నా పెద్దదాన్ని నేను. అందరికన్నా చిన్నది ఇందుశ్రీ, దానికి ఏడేళ్లు.

ఈ ఉదయం రోవరు బండిలో పెద్దగుమ్మటం విద్యాసంఘం వారి ఉత్తరం వచ్చింది. నేటినుంచి ఇరవయ్యో రోజు ఉదయం పదింటికి తెర మీది ప్రత్యక్ష తరగతిలో ఎర్రలంక పిల్లలు హాజరు పలకాలి. పలకకపోతే మా బడి మూసేసి, ఆరుగురినీ అక్కడి హాస్టలుకు తరలిస్తారు. హాస్టలులో మూడు పూటలా గొట్టంలోంచి పిండే బూడిదరంగు ముద్దే భోజనం. దాని పేరు సమగ్రాహారం. మాట ఎంతో గంభీరంగా ఉంది. ముద్ద మాత్రం అలా ఉండదట.

ఉత్తరం చదివినంతసేపూ ఇందుశ్రీ వాళ్లమ్మ కూతురి జడ పట్టుకునే ఉంది.

గుబ్బల ధర్మారావు మేస్త్రి గారు నన్ను కేబుల్ గదిలోకి పిలిచారు.

"వెలుగు గాల్లో పోకపోతే గాజులో పోద్ది. మన పెద్దోళ్లు ముప్పై ఒక్క ఏళ్ల కిందటే పెద్దగుమ్మటం దాకా నేల కింద ఫైబరు లాగారు. లేజరు తేలిగ్గా ఉందని దాన్ని ఎవరూ వాడలేదు. ఈ చివర, ఆ చివర సరైన సామాను తగిలిస్తే చాలు. నా కళ్లకేమో పొరలొచ్చినయ్యి. సామాను ఎంచి లిస్టు రాసేది నువ్వే."

"నేనా అండీ?"

"మరి గోడతో చెప్తున్నానా?"

రోవరు నాలుగో రోజున వెనక్కి వెళుతుంది. మళ్లీ వచ్చేది పదహారో రోజున. అంటే లిస్టు ఒక్కసారే రాయాలి. తప్పు రాస్తే దిద్దుకునే బండి లేదు.

2వ రోజు

రాత్రంతా మేస్త్రి గారి పాత పుస్తకం చదివాను. ఎంత మంచి పుస్తకం! ఫైబరంటే గాజుదారం, అందులో రెండు జాతులు. సింగిల్‌మోడ్‌లో వెలుగు నడిచే బాట వెంట్రుకలో పదోవంతు సన్నం. వెలుగు బుద్ధిగా ఒకే దారిన ఎంత దూరమైనా పోతుంది. మల్టీమోడ్‌లో బాట వెడల్పు. వెలుగు అటూ ఇటూ గోడలకు తగులుతూ, జాతరలో జనంలా పోతుంది. అది ఊళ్లో అవసరాలకు చాలు, దూరానికి పనికిరాదు. ఇరవై రెండు కిలోమీటర్లకు సింగిల్‌మోడే. దాని తొడుగు పసుపు రంగు. మల్టీమోడ్ తొడుగు నారింజ రంగో లేత నీలమో.

పెద్దలు గీసిన పటం దొరికింది. ముత్యాల్లాంటి అక్షరాలతో ఇలా ఉంది: "ప్రధాన ద్వారం గడప కింద ఆరు కేబుళ్లు. పసుపు రంగుది పెద్దగుమ్మటానికి. మిగతా అయిదూ ఊళ్లోకి."

ఎంత స్పష్టమైన వాక్యం! దీపం పట్టుకుని గడప దగ్గరికి పరిగెత్తాను.

ఆరూ పసుపు రంగువే.

కారణం తాయారు మామ్మగారు. ఊరు కట్టిన మొదటి ఏడు ప్రధాన ద్వారం దగ్గర గాలి కారిందట. మామ్మగారి అత్తగారు గడపకు పసుపు రాశారు. గాలి ఆగింది. ఆ రోజే రబ్బరు పట్టీ కూడా మార్చారని మేస్త్రి గారు అంటారు గానీ, మెల్లగా అంటారు. అప్పటినుంచీ ప్రతి శుక్రవారం గడపకూ, గడప దాటే ప్రతి వస్తువుకూ పసుపు. అత్తగారి తరవాత ఆ గిన్నె మామ్మగారి చేతికి వచ్చింది. కేబుళ్ల మీద ఇప్పుడు పసుపు వేలెడు మందాన అట్టకట్టి ఉంది. తొడుగు మీద అచ్చేసిన అక్షరాలు ఎక్కడో లోపల ఉన్నాయి.

గోటితో గీకబోయాను. వెనకనుంచి గొంతు వినపడింది.

"ఏవే పిల్లా, గోరు తియ్యి."

"కింద అసలు రంగేమిటో చూద్దామనండి, మామ్మగారూ."

"చూసి?"

"ఏది పెద్దగుమ్మటం వెళుతుందో తెలుస్తుందండి."

"ముప్పై ఒక్క ఏళ్లలో ఈ గడపలోంచి చిటికెడు గాలి బయటికి పోయిందా?"

"లేదండి."

"మరి?"

ఆ "మరి"కి జవాబు పుస్తకంలో వెతికాను. లేదు.

3వ రోజు

గీకకుండా కనిపెట్టే ఉపాయం మేస్త్రి గారు చెప్పారు. కేబుల్ ఈ చివర ఎర్రటి టార్చి వెలుగు పంపితే, అది ఊళ్లో ఎక్కడ తేలుతుందో చూడాలి. అయిదు తేలతాయి. తేలనిదే మనది, ఎందుకంటే టార్చి వెలుగు అంత దూరం పోలేదు.

మొదటి కేబుల్‌లో టార్చి పెట్టగానే కోళ్ల గదిలో గగ్గోలు. గోడ కన్నంలో మెరిసిన ఎర్రచుక్కను పుంజు పొడుస్తోంది. పెట్టలన్నీ దాని వెనక వరసకట్టాయి. టార్చి ఆర్పితే పుంజు తనే గెలిచాననుకుని కూసింది. మళ్లీ వెలిగిస్తే మళ్లీ యుద్ధం. కోళ్లు చూసుకునే వీర్రాజు బాబాయి వచ్చి, "అమ్మా విభావరీ, గుడ్లు కావాలా, చదువు కావాలా, ఏదో ఒకటి తేల్చుకో," అన్నాడు.

రెండోది చేపల తొట్టి దగ్గర తేలింది. మూడోది పంచాయతీ హాలు. నాలుగోది వైద్యశాల. అయిదోది ధర్మారావు గారి ఇంట్లో, మంచం కింద. "ముప్పై ఏళ్లుగా దీని మీద పడుకుంటున్నానా!" అని ఆయన ఆశ్చర్యపోయారు.

ఆరోది ఎక్కడా తేలలేదు. అదే మనది!

ఇక దాని కొస ఎలాంటిదో చూడాలి. కేబుల్ కొసన ఉండే చిన్న ప్లాస్టిక్ బిళ్లను కనెక్టరు అంటారు. నీలం కనెక్టరైతే లోపలి గాజు ముఖం నేరుగా నునుపు చేసి ఉంటుంది. ఆకుపచ్చదైతే కాస్త ఏటవాలుగా. నేరు ముఖానికి నేరు ముఖం, వాలు ముఖానికి వాలు ముఖం జత చేయాలి. కలగలిపితే మధ్యలో సందు పడి వెలుగు పారిపోతుంది. ఈ మాట పుస్తకంలో రెండుసార్లు ఉంది, రెండోసారి గీత గీసి ఉంది.

కనెక్టరు గది లోపల ఉంది. గడప కాదు. అయినా మామ్మగారి గిన్నె ఇక్కడికీ వచ్చినట్టుంది. చుట్టూ చూసి, గోటితో ఒక్క గీటు గీశాను. ఆకుపచ్చ కనపడింది.

తొందరపడలేదు. ఆలోచించాను. నీలం మీద పసుపు పూస్తే కళ్లకు ఏ రంగు కనపడుతుంది? ఆకుపచ్చ! అంటే అసలు రంగు నీలం. పుస్తకం ఒక్కటే చదివినవాళ్లు ఇక్కడ పొరబడేవారు. నేను మా ఊరి పరిస్థితి కూడా లెక్కలోకి తీసుకున్నాను.

ఈ తర్కం మేస్త్రి గారికి చెప్పాను. ఆయన కాసేపు తల గోక్కున్నారు. "నీలమో ఆకుపచ్చో నాకూ గుర్తులేదు. నువ్వు చూశావుగా, రాసెయ్యి," అన్నారు.

4వ రోజు

లిస్టు రాశాను. వెలుగును పంపి, అందుకునే చిన్న పెట్టెను ట్రాన్సీవరు అంటారు. పది కిలోమీటర్లది ఉంది, నలభైది ఉంది, ఎనభైది ఉంది. పది మనకు చాలదు. ఎనభై రాయబోయాను. ఎక్కువ ఉంటే మంచిదే కదా.

"పక్కింటోణ్ని మైకు పెట్టి పిలుస్తావా?" అన్నారు మేస్త్రి గారు. "అవతలోడి చెవులు బద్దలైపోతాయి. వెలుగు ఎక్కువైనా అందుకునే పెట్టె గుడ్డిదైపోద్ది. నలభైది రాయి."

నలభై కిలోమీటర్లవి రెండు, ఇక్కడికొకటి, అక్కడికొకటి. మా పెట్టెనుంచి కేబుల్ కొసకు కలిపే చిన్న తీగలు, సింగిల్‌మోడ్, నీలం కనెక్టర్లవి, రెండు. చివరి వాక్యం మూడుసార్లు తిరగరాశాను. "తీగలు నీలం కనెక్టర్లతో మాత్రమే పంపగలరు." 'మాత్రమే' అన్న మాట చేర్చాక వాక్యానికి వెన్నెముక వచ్చింది.

రోవరు వెళ్లిపోయింది.

11వ రోజు

పిల్లలు వెళ్లిపోతారేమోనని ఊళ్లో ప్రతి ఇంటివాళ్లూ మమ్మల్ని భోజనానికి పిలుస్తున్నారు. నిన్న ఒక్కరోజే మూడిళ్లలో గుత్తివంకాయ, రెండిళ్లలో చేపల పులుసు. ఆరుగురం కలిసి పదకొండు కిలోలు పెరిగాం. ఇక్కడ గురుత్వాకర్షణ తక్కువ కాబట్టి ఆ బరువు నడకలో తెలియడం లేదు, తలుపుల దగ్గర తెలుస్తోంది.

ఇందుశ్రీ తన పెట్టె సర్దుకుంది. అందులో బట్టలు లేవు. మూడు సీసాల ఆవకాయ ఉంది.

"ఇదంతా ఎందుకే?" అని అడిగాను.

"ముద్దలో కలుపుకోడానికక్కా," అంది. అని ఏడ్చింది. లింకు తప్పకుండా వస్తుందని మాట ఇచ్చాను.

16వ రోజు

రోవరు వచ్చింది. సామానుతో పాటు పెద్దగుమ్మటం స్టోరు గుమాస్తా ఫణిశేఖర్ గారి చీటీ ఉంది. "మా వైపు ట్రాన్సీవరు తగిలించాం. ఇక్కడ కనెక్టరు ఆకుపచ్చ. మీరు నీలం మాత్రమే పంపమన్నారు కాబట్టి నీలం మాత్రమే పంపాను. ఎందుకన్నారో తెలియలేదు. మీకు తెలిసే ఉంటుంది."

తగిలించాను. వెలుగు కొలిచే మీటరు మైనస్ ముప్పై ఎనిమిది చూపించింది. మైనస్ పదహారు దాటి కిందికి పోతే మా పెట్టెకు ఏమీ వినపడదు. మైనస్ ముప్పై ఎనిమిది అంటే పక్క గ్రహంలో ఎవరో గుసగుసలాడినట్టు.

"పసుపు అడ్డం పడిందేమో, తుడువు," అన్నారు మేస్త్రి గారు. వైద్యశాలనుంచి స్పిరిట్ తెచ్చి కనెక్టరును తుడిచాను. పసుపంతా గుడ్డకు వచ్చేసింది. కనెక్టరు తళతళ మెరిసింది.

ఆకుపచ్చగా.

మళ్లీ తుడిచాను. ఇంకా మంచి ఆకుపచ్చ అయింది.

"మేస్త్రి గారూ," అన్నాను, "పసుపు తీసేసినా ఆకుపచ్చగానే ఉందండి."

"అంటే?"

"ఆకుపచ్చ మీద పసుపు పూసినా ఆకుపచ్చే కనపడుతుందండి."

"నీ తెలివి తెల్లారినట్టే ఉంది," అన్నారాయన. తిట్టు చిన్నదే. కానీ ఇందుశ్రీకి ఇచ్చిన మాట గుర్తొచ్చి గదిలోంచి బయటికి రాలేకపోయాను.

17వ రోజు

దారి ఒకటుంది. నీలం తీగను సగానికి కోసి, కేబుల్‌కున్న ఆకుపచ్చ కొసను కత్తిరించి పారేసి, రెండు గాజుదారాలనూ కరిగించి అతికించాలి. అతికించే యంత్రం మేస్త్రి గారి దగ్గరుంది. కష్టమంతా అంతకుముందే. గాజు మీది పూతను దారం తెగకుండా ఒలవాలి, కొసను అద్దంలా నేరుగా తుంచాలి. గడప దాటి గదిలోకి వచ్చిన కేబుల్ మూరెడే ఉంది. తుంచడం కుదరని ప్రతిసారీ నాలుగు వేళ్ల పొడవు పోతుంది.

ఈ మాట మామ్మగారి చెవిన పడింది.

"కొయ్యడమా? గడప దాటిన దాన్ని కొయ్యడమా?"

"కొయ్యకపోతే పిల్లల్ని పంపించెయ్యాలండి, అత్తయ్యగారూ," అన్నారు మేస్త్రి గారు. ఆయనకు ఆవిడ వరసకు అత్తయ్య.

మామ్మగారు ఇందుశ్రీ వైపు చూశారు. అది ఆవకాయ సీసాను గట్టిగా పట్టుకుని నిలబడింది. మామ్మగారు కాసేపు గిన్నెలో పసుపు కలుపుతూనే ఉన్నారు.

"సరే. ముహూర్తం చూసి కొయ్యండి. పంచాంగంలో కుజుడు ఎక్కడున్నాడో చూడాలి."

"మన కాళ్ల కిందే ఉన్నాడు కదండీ," అన్నాను.

"నోరు ముయ్యి. కాళ్ల కిందున్నా లెక్క లెక్కే."

లెక్క తేలింది. ఇరవయ్యో రోజు ఉదయం తొమ్మిదిన్నర. అంతకు ముందు వర్జ్యం, దుర్ముహూర్తం, మళ్లీ వర్జ్యం. తరగతి పదింటికి. మేస్త్రి గారు బతిమాలారు. మామ్మగారు ఒక్క నిమిషం కూడా తగ్గలేదు.

19వ రోజు

రెండు రోజులుగా పాత ముక్కల మీద సాధన చేస్తున్నాను. ఇరవై మూడుసార్లలో కుదిరింది నాలుగుసార్లు. ఎవరూ చూడనప్పుడు నా చేతులు బాగానే ఉంటాయి. అయితే రేపు ఊరంతా వస్తుందట. ముహూర్తం అంటే రాకుండా ఎలా ఉంటారు?

20వ రోజు

వచ్చారు. కేబుల్ గదిలో, నడవాలో, నడవా దాటి చేపల తొట్టి దాకా జనమే. ఊరి జనాభా ఎనభై ఆరు. ఎవరూ ఇంట్లో లేరు. వీర్రాజు బాబాయి పుంజును కూడా తెచ్చాడు. దానికీ సంబంధం ఉందన్నాడు.

తొమ్మిదిన్నరకు మామ్మగారు తల ఊపారు. ఆకుపచ్చ కొస కత్తిరించాను. అందరూ ఒక్కసారి "అయ్యో" అన్నారు.

మొదటిసారి పూత ఒలుస్తుంటే దారం తెగింది. రెండోసారి తుంచిన కొస వంకరపోయింది, యంత్రం "కోణం తప్పు" అంది. మూడోసారీ అదే మాట. కేబుల్ మూరెడు కాస్తా జానెడయింది. గడియారంలో తొమ్మిదీ నలభై రెండు. యంత్రం నోటికి అందాలంటే ఇంకొక్క ప్రయత్నానికే పొడవుంది.

"నావల్ల కాదండి," అన్నాను. మేస్త్రి గారు తన కళ్లు తుడుచుకుని కేబుల్‌కేసి చూశారు. ఆ పొరల్లోంచి ఆయనకు కేబులే కనపడదు, గాజుదారం మాట చెప్పనక్కర్లేదు.

"లే," అన్నారు మామ్మగారు.

"అండీ?"

"లేవే. పాతికేళ్లు పూతరేకులు తీసిన చెయ్యి ఇది. కాగే కుండ మీంచి రేకు చిరగకుండా ఒలిచేదాన్ని. ఇదేవన్నా అంతకంటే పలచనా?"

పలచనే. ఆ మాట పైకి అనలేదు. "చేతులకు పసుపు ఉండకూడదండి. ఒక్క రేణువు ఉన్నా వెలుగు ఆగిపోతుంది," అన్నాను.

మామ్మగారు తన చేతుల వంక చూసుకున్నారు. స్పిరిట్ సీసా అందుకుని, గోళ్ల సందులతో సహా కడిగేశారు. ఆ చేతులు పసుపు లేకుండా ఎర్రలంకలో ఎవరూ ఎప్పుడూ చూడలేదు. చిన్నగా, తెల్లగా, చాలా ముసలివిగా ఉన్నాయి.

కూర్చున్నారు. నేను పక్కన కూర్చుని ఒక్కో మెట్టూ చెప్పాను. "ఇక్కడ పట్టుకోండి. మెల్లగా లాగండి." పూత మొత్తం ఒక్క పొరలా వచ్చేసింది. "ఇప్పుడు తుంచాలి, నొక్కి వదిలేయండి." నొక్కారు. వదిలారు. యంత్రం కాసేపు చూసుకుని, టిక్కున చిన్న మెరుపు మెరిపించి, "అతుకు మంచిది" అని రాసింది.

మీటరు మైనస్ పదకొండు చూపించింది.

"ఎంత?" అని అడిగారు మేస్త్రి గారు.

"పదకొండండి! మైనస్ పదకొండు!"

"మైనస్సా? చెడిపోయిందా?" అన్నాడు వీర్రాజు బాబాయి. మేస్త్రి గారు ఆయన్ని కౌగలించుకున్నారు. మధ్యలో పుంజు నలిగింది.

తొమ్మిదీ యాభై ఎనిమిదికి తెర మీద పెద్దగుమ్మటం తరగతి గది కనపడింది. గచ్చకాయ రంగు చీరలో భ్రమరాంబ టీచరు. వెనక బల్లల మీద ఎవరెవరో పిల్లలు, గొట్టాలు పట్టుకుని.

"ఎర్రలంక పిల్లలు, హాజరు పలకండి," అన్నారు టీచరు. హాజరు యంత్రం వింటోందని కూడా చెప్పారు.

"హాజరు!" అన్నాం ఆరుగురం.

"హాజరు!" అని మా వెనక ఊరంతా అరిచింది. ఎవరూ అనుకుని అన్నది కాదు. ఇరవై రోజులు గుండెలు బిగబట్టుకున్న జనం నోట్లోంచి ఆ మాట తన్నుకొచ్చింది. ఇందుశ్రీ వాళ్లమ్మ అయితే మూడుసార్లు అంది.

21వ రోజు

విద్యాసంఘం ఉత్తర్వు ఈసారి రోవరులో రాలేదు. గాజుదారంలో వచ్చింది, పంపిన క్షణానికే. హాజరు యంత్రం లెక్క ప్రకారం ఎర్రలంక బడిలో ఎనభై ఆరుగురు విద్యార్థులు. యాభై దాటిన బడిని మూయడానికి నిబంధనలు ఒప్పుకోవు. కాబట్టి మూసివేత ఈసారికే కాదు, ఇకపైన కూడా రద్దు. అయితే వారానికి మూడు రోజులు అందరూ హాజరు పలకాలి, ఇంటిపని చేసి పంపాలి. లెక్క యాభైకి తగ్గితే మూసివేత మళ్లీ మొదటికి వస్తుంది.

గొంతును బట్టి యంత్రం అందరికీ తరగతులు కూడా కేటాయించింది. పంచాయతీ అధ్యక్షుడు నాలుగో తరగతి. వీర్రాజు బాబాయి రెండు. ధర్మారావు మేస్త్రి గారు ఆరు. తాయారు మామ్మగారు పదో తరగతి.

"యంత్రానికి మనుషుల విలువ తెలుసు," అన్నారు మామ్మగారు.

మేస్త్రి గారు ఉత్తర్వును నా చేత మూడుసార్లు చదివించుకున్నారు. "నేను మేస్త్రిని కదా. ఆరేంటి?" అన్నారు.

24వ రోజు

కేబుల్ మీద ఇక పసుపు రాయకూడదని, గడప రాయికి మాత్రమే రాయాలని మామ్మగారూ నేనూ ఒప్పందం చేసుకున్నాం. బదులుగా అతుకు పెట్టె మూతకు ఒక బొట్టు. మూత బయటే.

ఈ సాయంత్రం మామ్మగారు పుస్తకం పట్టుకుని కేబుల్ గదికి వచ్చారు. పదో తరగతి ఇంటిపనిలో మొదటి ప్రశ్న, వెలుగు గాజుదారంలోంచి బయటికి కారిపోకుండా ఎలా ప్రయాణిస్తుంది? నేను పరావర్తనం అన్న మాట చెప్పాను. ఆవిడ దాన్ని రెండుసార్లు పలికి చూసుకుని, బాగుందన్నారు. అంచు దాటబోయిన వెలుగు ఎలా వెనక్కి తిరిగి లోపలికే వస్తుందో కాగితం మీద గీసి చూపిస్తున్నాను. ఆవిడ చూపుడు వేలుతో ఆ గీత వెంటే వస్తున్నారు.

తలుపు తోసుకుని ధర్మారావు గారు వచ్చారు, చేతిలో పలక. "విభావరీ, ఈ భిన్నాల కూడికేంటో కాస్త చెప్పమ్మా. పైవి కలుపుతున్నాను, కిందవి కలుపుతున్నాను, తప్పు తప్పు అంటోంది యంత్రం."

మామ్మగారు కాగితం మీంచి తల ఎత్తలేదు.

"ధర్మం, ఆరో తరగతి వాళ్లు కాసేపు బయట కూర్చోండి. ఇక్కడ పెద్ద తరగతి పాఠం జరుగుతోంది."